తుక్కు తగలకుండా పిల్లల్ని పెంచడం ఎలా?

తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు చవకని విని, 1950ల నుంచి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మనవాళ్లు రాయచూరు జిల్లాకి తరలివచ్చారు. నల్లరేగడిలో తుమ్మలు కొట్టించి మళ్లు కట్టారు. గుడిసెలు వేసుకున్న చోట్లకి క్యాంపులనే పేరు స్థిరపడింది. సింధనూరు, మాన్వి చుట్టుపక్కల ఆ క్యాంపుల్లో ఇప్పుడు డాబాలున్నాయి, కార్లున్నాయి, పొద్దున్నే హారన్ కొట్టే ఇంగ్లీషు మీడియం బస్సులున్నాయి. ఒక్క బెడద మాత్రం తీరలేదు. పిల్లలు ఇంకా పాత సామాను ముట్టుకుంటున్నారు.

కాలిపోయిన మిక్సీ అడుగు ఊడదీస్తారు. తెగిన హవాయి చెప్పుని గుండ్రంగా కోసి చక్రాలు చేస్తారు. ఖాళీ దారపు రీలుకి రబ్బరు బ్యాండు తగిలించి వసారాలో నడిపిస్తారు. చూసీ చూడనట్టు వదిలేశామంటే చేతులతో ఆలోచించడం అలవాటైపోతుంది. ఆ అలవాటు పట్టిన పిల్లని ఎంత ఖరీదైన ట్యూషన్‌లో వేసినా మామూలు మనిషిని చేయలేం. కాబట్టి బాధ్యత తెలిసిన తల్లిదండ్రుల కోసం నాకు తోచిన ఉపాయాలు కొన్ని చెబుతాను.

ముందుగా తుక్కు కొనే గుజరీ బండి మీ వీధికి ఏ రోజు వస్తుందో తెలుసుకోండి. వస్తువు పాడైన రోజుకీ, అది గుజరీ తక్కెడ ఎక్కే రోజుకీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. పిల్లలు చెడిపోయేది ఆ వ్యవధిలోనే. పనిచేస్తున్నంత కాలం దేన్నీ వాళ్ల చేతికివ్వం. కొత్త టీవీ జోలికి రానివ్వం, ఫ్రిజ్ తలుపు మెల్లగా వేయమని రోజుకి పదిసార్లు చెబుతాం. పాడయ్యాక మాత్రం దానికి కాపలా ఉండదు. పాడుచేస్తావని తిట్టేవాళ్లూ ఉండరు, అది ముందే పాడైంది గనక. అంత స్వేచ్ఛ మన ఇళ్లలో పిల్లలకి ఇంకే వస్తువు దగ్గరా దొరకదు. అందుకని పొద్దున పాడైనది సాయంత్రానికి గడప దాటిపోవాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చూడండి. అటక మీది పాత రేడియో విప్పితే స్పీకరు వెనకాల వడలా చిల్లున్న నల్ల అయస్కాంతం దొరుకుతుంది. పిల్లవాడు దానికి తాడు కట్టి వాగు ఇసుకలో ఈడ్చుకుంటూ తిరుగుతాడు. సన్నటి నల్ల పొడి అంటుకుని వస్తుంది. ఇసుకలో ఇనుము ఉంటుందా అని అడుగుతాడు. ఉంటుందని ఒప్పుకున్నారో, హట్టి గనుల్లో బంగారం కూడా ఇలాగే లాగుతారా అంటాడు. బంగారం అయస్కాంతానికి అంటదనీ, అక్కడ రాయిని పిండి కొట్టి సైనైడు ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీస్తారనీ అప్పుడు మీకు తెలిసి ఉండాలి. హట్టి ఉన్నది మన జిల్లాలోనే, లింగసుగూరు తాలూకాలో. పక్కనున్న గని సంగతే మనకి తెలియనప్పుడు కన్నబిడ్డ ముందు పరువు తీసుకోవడం దేనికి? రేడియోని తూకానికి ఇచ్చేయండి.

ఇచ్చే వీలు లేకపోతే ప్రమాదం పేరు చెప్పండి. ఇది బాగా పనిచేసే మందు, కాకపోతే వాడే పద్ధతి ఉంది. కొందరు అతి తెలివి అమ్మలు తుక్కుని రెండు కుప్పలు చేస్తారు. పాత టీవీ పిక్చర్ ట్యూబు లోపల గాలి ఉండదు, పగిలితే గాజు పెంకులు ఎగిరి వస్తాయి కాబట్టి అది వద్దంటారు. ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం, ఇన్వర్టర్ బ్యాటరీలో సీసం, యాసిడ్, ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీకి చిల్లు పడితే మంట, ఇవన్నీ పక్కకి తీసేస్తారు. గోడ ప్లగ్గులో ఏదీ పెట్టకూడదు, టార్చి సెల్లులతోనే ఆడుకోవాలని ఒట్టు వేయించుకుంటారు. మిగతా కుప్ప, అంటే బేరింగులు, సైకిలు పుల్లలు, సీసా మూతలు, అట్టపెట్టెలు, రీళ్లు, చెప్పు ముక్కలు పిల్లల ముందు పోసి తమ పని తాము చేసుకుంటారు. ఇలా విడదీయడం మొదలైతే మన వాదన నిలబడదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి, ముట్టుకుంటే షాకు కొడుతుందని చెప్పండి. అట్టపెట్టె అయినా సరే.

పురుగుమందు డబ్బాల సంగతి వేరు. పత్తికో మిరపకో కొట్టగా మిగిలిన ఖాళీ డబ్బాని కడిగి డీజిల్ పోసుకోవచ్చు, పొలానికి నీళ్లు పట్టుకెళ్లవచ్చు, బాత్రూములో పెట్టుకోవచ్చు. అది పొదుపు. సైకిలు గొలుసు పట్టుకున్న చెయ్యి మాత్రం మురికి చెయ్యి, సబ్బుతో మూడుసార్లు కడిగిస్తే గాని అన్నం పెట్టకూడదు.

అసలు ఈ తుక్కు పిచ్చి పైనుంచి వచ్చింది. 1943లో డెన్మార్కు జర్మన్ల చేతుల్లో ఉన్నప్పుడు, కోపెన్‌హాగన్ పక్క ఎమ్‌డ్రప్‌లో పిల్లల కోసం ఒక తుక్కు మైదానం తెరిచారు. సోరెన్‌సెన్ అనే తోటల రూపశిల్పి ఆలోచన అది. తాను ముచ్చటగా కట్టించిన ఆటస్థలాలు వదిలేసి, పిల్లలు ఇళ్లు కట్టే చోట పడి ఉన్న చెక్కలు, ఇటుకలతో ఆడుకోవడం ఆయన గమనించాడు. గమనిస్తే గమనించాడు, గేటు వేసి తరిమేయక, ఆ చెక్కలూ ఇటుకలే తెచ్చి మైదానంలో పోయించాడు. 1971లో సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు దీనికి సిద్ధాంతం కట్టాడు. కదపడానికి, కలపడానికి, విడదీయడానికి చుట్టూ ఎన్ని విడి వస్తువులుంటే మనిషి సృజన అంతగా విచ్చుకుంటుందట. పిల్లల్ని మోసం చేయకుండా ఉండడం ఎలా అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు ఆ వ్యాసానికి. మర్యాదస్తులు ఇలాంటివి చదవకూడదు.

డెన్మార్కువాళ్ల సంగతి పోనివ్వండి. మనదేశంలో అరవింద్ గుప్తా చేసిన పని చూస్తే ఏ తండ్రికైనా గుండె ఆగుతుంది. ఐఐటీ కాన్పూర్‌లో 1975లో ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. పూణేలో టెల్కోలో, లారీలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. అలాంటివాడు 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌కి, పల్లెటూరి బడుల సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్లాడు. అక్కడ అగ్గిపుల్లలూ సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ పట్టుకుని కూర్చున్నాడు, ఇక లేవలేదు. ఆ తర్వాత బతుకంతా పారేసిన వస్తువులతో బొమ్మలు చేయడం, చేయించడమే. 2018లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పిల్లల్ని హాస్టల్లో పడేసి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి, లక్షలు పోసి ఐఐటీకి పంపేది ఇందుకా? మీ వాడు ఐఐటీకి వెళ్లే ఆశ ఉంటే ఈ పేరు ఇంట్లో ఎత్తకండి. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉచితంగా వచ్చేదానికి విలువేముంటుంది?

ఆ వాల్వు ట్యూబు కథేమిటో కూడా చెబుతాను, జాగ్రత్త పడటానికి పనికొస్తుంది. సైకిలు షాపులో దొరికే సన్నటి రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో రెండు వైపుల నుంచి మందు గీకేసిన అగ్గిపుల్లలు దూరుస్తారు. అది కీలు. నాలుగు పుల్లలతో చదరం చేసి వేలితో నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా కదలదు. ఇంతే, ఇంకేం లేదు. కానీ ఇది చేసిన పిల్ల మరునాడు సింధనూరులో రైస్ మిల్లు ముందు ఆగి పైకి చూస్తుంది. రేకుల కింద ఇనప దూలాలన్నీ త్రిభుజాలే. సెల్ టవర్ చూస్తుంది, అక్కడా అవే. మీరు మిల్లులో బియ్యం రేటు మాట్లాడుతుంటే చెయ్యి పట్టి గుంజుతుంది. ఇంకా ఘోరం, చదరానికి మూల నుంచి మూలకి ఇంకో పుల్ల వేస్తే అదీ కదలదని తనంతట తనే కనిపెట్టి, ఊగుతున్న మీ చెక్క గేటుకి అడ్డకర్ర ఎందుకు వేయించలేదని అడుగుతుంది.

మోటార్లతోనూ ఇదే తలనొప్పి. పాడైన రిమోటు కారులో చిన్న మోటారు ఉంటుంది. సెల్లు కలిపితే తిరుగుతుంది, అది అందరికీ తెలుసు. సెల్లు తీసేసి, తీగల చివర చిన్న ఎర్ర ఎల్‌ఈడీ కలిపి, ఇరుసుకి దారం చుట్టి జోరుగా లాగితే ఆ దీపం మినుక్కుమంటుంది. ఎల్‌ఈడీ కాళ్లు తారుమారైతే వెలగదు. పిల్లవాడు మార్చి మార్చి కలుపుతాడు, చివరికి వెలిగాక ఇల్లంతా పరిగెడతాడు. శక్తినగర్‌లో 1985 నుంచి బొగ్గు కాల్చి చేస్తున్నది కూడా ఈ ఇరుసు తిప్పే పనేననీ, ఆవిరి తిప్పుతుందనీ ఎవరైనా చెబితే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూసినప్పుడల్లా ప్రశ్నలే. ఇంతకంటే సైన్సు కిట్టు కొనివ్వడం మేలు. కిట్టులో ప్రతి ముక్కకీ నంబరుంటుంది. ఒకటిని రెండులో పెడితే తిరుగుతుంది, తిరగకపోతే వాపసు పంపిస్తాం. ఎందుకు తిరగలేదని బుర్ర బద్దలు కొట్టుకునే పని ఉండదు. తుక్కు అలా కాదు, మొదటిసారి అస్సలు పనిచేయదు.

ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో విలియం కామ్‌క్వాంబా అనే కుర్రాడికి ఫీజు కట్టలేక బడి ఆగిపోయింది. లైబ్రరీ పుస్తకంలో గాలిమర బొమ్మ చూసి, తుక్కులోంచి ట్రాక్టరు ఫ్యాను, సైకిలు డైనమో, పీవీసీ పైపు ఏరుకొచ్చి 2002లో గాలిమర నిలబెట్టి ఇంట్లో దీపం వెలిగించాడు. ఊళ్లోవాళ్లు ముందు పిచ్చివాడన్నారు. ఆ ఊళ్లోవాళ్లే నాకు ఆదర్శం.

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరికి వద్దాం. తాతగారు.

మీ ఇంట్లో ఆయిల్ ఇంజను కాలం నాటి తాతగారు ఉంటే ఈ సలహాలేవీ పనిచేయవు. ఆయన మంచం కింద బిస్కెట్ డబ్బా ఒకటి ఉంటుంది. అందులో నట్లు, వాషర్లు, మేకులు, ఎందుకు దాచాడో ఆయనకే తెలియని స్ప్రింగులు. క్యాంపుకి వచ్చిన కొత్తల్లో మెకానిక్కు కావాలంటే ఎక్కడికో పోవాలి, ఏది పాడైనా తామే విప్పి చూసుకున్నవాళ్లు వీళ్లు. మనవడు విరిగిన వస్తువు తెస్తే పారేయమనరు. కళ్లజోడు సర్దుకుని, "ఏదీ, ఇటు తేరా" అంటారు. మీరైతే రెండు నిమిషాల్లో విషయం వివరించి పంపేస్తారు. ఆయన వివరించరు. "ఇదెందుకు తిరగట్లేదంటావురా?" అని మనవడినే అడిగి, జవాబు కోసం గంటసేపు కూర్చుంటారు.

వేసవి సెలవుల్లో ఆయన చేసే పని మరీ అన్యాయం. మాడిపోయిన పాతకాలం బల్బు అడుగు జాగ్రత్తగా తొలిచి, లోపలి తీగ తీసేసి, నీళ్లు నింపుతారు. చీకటిగదిలో పంచె కట్టి, కిటికీ కన్నం లోంచి అద్దంతో ఎండని లోపలికి కొట్టించి, ఎప్పటిదో సినిమా ఫిల్ము ముక్కని బల్బు ముందు పెడతారు. పంచె మీద ఎన్టీఆర్ తలకిందులుగా ప్రత్యక్షమవుతారు. పిల్లలు ఫిల్ముని తిరగేసి పెట్టి ఆయన్ని నిలబెడతారు. బల్బుని ముందుకీ వెనక్కీ జరిపి ఎక్కడ బొమ్మ స్పష్టంగా వస్తుందో చూస్తారు. కుంభాకార కటకం, నాభ్యంతరం, ఇవన్నీ హైస్కూల్లో కాంతి పాఠంలో మార్కుల కోసం బట్టీ పట్టాల్సినవి. ముందే కళ్లతో చూసేస్తే రేపు బట్టీ పట్టడానికి ఏం మిగులుతుంది? తాతగారికి టీవీ రిమోటు ఇచ్చి, "మీకెందుకు నాన్నగారూ శ్రమ" అని పడకకుర్చీలో కూర్చోబెట్టండి. బిస్కెట్ డబ్బాని ఆయన నిద్రపోతుండగా తీసేయండి.

బడి వైపు నుంచి కూడా ముప్పు ఉంది. కర్ణాటక సర్కారు బడుల్లో చిన్న తరగతులకి నడిపే నలి కలి పద్ధతి సంగతి తెలిసే ఉంటుంది. దాని మూలం మన మదనపల్లె పక్కనున్న రిషీవ్యాలీ. అక్కడి పల్లె బడుల్ని చూసొచ్చిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు 1995లో మొదలుపెట్టారు. పిల్లలు నేల మీద గుంపులుగా కూర్చుని, కార్డులు చూసుకుంటూ, గింజలూ గులకరాళ్లూ లెక్కపెడుతూ ఎవరి వేగాన వాళ్లు నేర్చుకుంటారు. ఫీజు కట్టి పంపేది గులకరాళ్లు లెక్కపెట్టడానికి కాదని మనవాళ్లు ఎప్పుడో గ్రహించారు, సంతోషం.

ప్రాజెక్టు అడిగితే స్టేషనరీ షాపులో వర్కింగ్ మోడల్ కొనండి. థర్మాకోల్ అగ్నిపర్వతమైతే శ్రేష్ఠం. రాయచూరు జిల్లాలో అగ్నిపర్వతం లేదు, ఎవరూ చూసి పోల్చలేరు, వంటసోడా వెనిగర్ కలిపితే పొంగుతుంది, కాసేపు చప్పట్లు. బడి పిల్లల సొంత ఆలోచనకి కేంద్రం ఇన్‌స్పైర్-మానక్ కింద 10,000 రూపాయలు ఇస్తుంది. సొంత ఆలోచన అన్నారు గానీ ఎవరి సొంతమో చెప్పలేదు గదా, మీ ఆలోచన ఇచ్చి వెల్డింగ్ షాపులో చేయించండి. పిల్లవాడు పక్కన నిలబడి ఫోటో దిగితే చాలు.

ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెప్పేదేం లేదు. పగిలిన గాజు ముక్కలతో కెలిడోస్కోపు చేసుకుంటే ముచ్చటపడండి, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వంటింట్లోకి పిలవండి.

పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక. తెలుగులో "రైలుబడి" అనే పేరుతో వచ్చిన టోటోచాన్ కథ ఎవరైనా బహుమతిగా ఇస్తే దాచేయండి. టోక్యోలో కొబాయాషి అనే హెడ్‌మాస్టరు 1937లో పెట్టిన బడి అది. తరగతి గదులు వాడకం మానేసిన రైలు పెట్టెలు. అంటే బడి మొత్తం తుక్కే. పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతే టోటోచాన్ అనే ఆ బడి పిల్ల గరిటెతో మురికంతా తోడి పోస్తుంటుంది. అటుగా వెళ్లిన హెడ్‌మాస్టరు కొట్టడు, తిట్టడు. పనయ్యాక తోడినదంతా మళ్లీ లోపల వేసేస్తావు కదా అని అడిగి తన దారిన తను పోతాడు. ఇలాంటి మనిషి మన బడుల్లో వారం రోజులైనా ఉద్యోగం చేయగలడా?

బేరింగుల బండి గురించి కూడా ఒక మాట. లారీ షెడ్డు బయట పారేసిన బేరింగులు మూడు, ఒక చెక్క దొరికితే చాలు, క్యాంపు రోడ్డంతా గోల. తిరగనిదాన్ని కిరోసిన్లో నానబెట్టి, ఇసుక వదిలించి, గ్రీజు పెట్టి తిప్పడం పిల్లలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. ఆ రోజుల్లో వాళ్లని రాయచూరు కోటకి తీసుకెళ్లకండి. కోట గోడలో 41 అడుగులకు పైగా పొడవున్న రాయి ఉంది, 1294 నాటి శాసనం ఉన్న రాయి. దాన్ని బండి మీద పశువులతో లాగించి తెచ్చిన తీరు బొమ్మగా చెక్కి ఉంది. బండి తొక్కే పిల్లలు ఆ బొమ్మ ముందు ఆగిపోతారు. అంత బరువుకి ఇరుసు విరగలేదా, అప్పుడు బేరింగులు లేవుగా, ఏం పూశారు, ఎన్ని జతలు కట్టారు అని పోరుతారు. సెల్ఫీ తీసుకుని బయటపడటం కష్టం.

చివరిగా పైపు. ఇంటి పని అయ్యాక మిగిలిన పీవీసీ పైపు ముక్కని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెరట్లో వదలొద్దు. మన కాలువ గట్టు పిల్లలు దాన్ని నిలువునా చీల్చి రెండు ఇటుకల మీద కాస్త వాలుగా పడుకోబెడతారు. పక్కన వరసగా చిల్లులు పెడతారు, అవి తూములు. చెప్పు ముక్కలు కోసి వాటికి తలుపులు చేస్తారు. ఒక్కో చిల్లు కింద ఒక్కో కొబ్బరి చిప్ప, అది పొలం. పై చివర చెంబుతో నీళ్లు పోస్తారు. అన్ని తూములూ తెరిచి ఉంటే పైచిప్పలు పొంగిపోతాయి, ఆఖరి చిప్ప తడవదు. చెంబు బదులు బిందెతో పోస్తే కాస్త తడుస్తుంది. నీళ్లు ఎక్కువ పోయకుండానే తడపడానికి పిల్లలు దారి వెతుకుతారు. పై తూములు కాసేపు మూసి, కింద తూములు తెరుస్తారు. ఆ తర్వాత వంతులు పెట్టుకుంటారు. చిల్లులు పెద్దవి చేసిన వాడితో తగువు పడతారు. ఒకడు ఎవరూ చూడకుండా మధ్యలో స్ట్రా వేసి నీళ్లు పీల్చి తన చిప్పలోకి వదులుకుంటాడు, దొరికిపోతాడు.

ఇంతవరకూ ఆటే. కానీ ఆ సాయంత్రం అన్నాల దగ్గర మీ అమ్మాయి నెమ్మదిగా మొదలుపెడుతుంది. మాన్వి, సిరవార వైపు చివరి భూములవాళ్లు నీళ్లు రాలేదని రోడ్డు మీద కూర్చుంటారు కదా నాన్నా, డ్యాములో నీళ్లు చాలకా, మధ్యలో ఎవరైనా పీల్చుకుంటున్నారా? మన పెదనాన్న వాళ్ల పొలం పైనే కదా ఉంది, కాలువ మీద రాత్రిపూట వాళ్లు పెట్టే మోటారు దేనికి?

ఆ పక్కనే మీ అన్నయ్యగారు కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ ఉంటారు. కంగారు పడకండి. పిల్ల వైపు తిరిగి, హోంవర్కు అయిందా అని గట్టిగా అడగండి.